జర్మనీలో స్టూడెంట్ రెసిడెన్స్ పర్మిట్ పొడిగింపు: గడువు ముగియకముందే ఏం చేయాలి

జర్మనీలో మాస్టర్స్ చదవడానికి వచ్చిన మన విద్యార్థులు మొదటి రెసిడెన్స్ పర్మిట్ కార్డు అందగానే దాన్ని పర్సులో పెట్టి మరచిపోతుంటారు. చదువు కోసం ఇచ్చే ఈ అనుమతి సాధారణంగా ఒకటి రెండేళ్లకే ఉంటుంది కాబట్టి, సరిగ్గా థీసిస్ పనిలో తలమునకలై ఉన్నప్పుడే గడువు ముంచుకొస్తుంది. కార్డు మీది తేదీకి కనీసం మూడు నెలల ముందు ఈ పని మొదలుపెట్టడం మంచిది.

అన్నిటికన్నా ముఖ్యమైనది దరఖాస్తు చేరిన తేదీ. గడువు తీరకముందే పొడిగింపు కోరితే, అధికారులు నిర్ణయం చెప్పేవరకు పాత అనుమతి కొనసాగుతున్నట్లే లెక్క అని జర్మనీ నివాస చట్టంలోని 81వ సెక్షన్ చెబుతోంది. అప్పుడు కార్డు మీద తేదీ దాటిపోయినా మీ నివాసం చట్టబద్ధమే, పార్ట్‌టైమ్ ఉద్యోగం కూడా పాత షరతుల మీదే సాగుతుంది. అయితే టెర్మిన్ (కార్యాలయంలో అపాయింట్‌మెంట్) బుక్ చేసుకోవడం వేరు, దరఖాస్తు చేయడం వేరు. గడువు దాటిన తేదీకి టెర్మిన్ దొరికిందని నిశ్చింతగా కూర్చోకుండా, ఆన్‌లైన్ పోర్టల్ ఉంటే దానిలో, లేకపోతే రిజిస్టర్డ్ పోస్టులో, గడువులోపే దరఖాస్తు పంపి రశీదు భద్రపరచుకోవాలి. నా పొడిగింపు సమయంలో ఐదు నెలల పాటు ఒక్క మెయిల్‌కూ జవాబు రాలేదు. అన్ని రోజులూ నన్ను కాపాడింది పోర్టల్ ఇచ్చిన ఒక పేజీ రశీదే.

దరఖాస్తు మీరు నమోదై ఉన్న ఊరి విదేశీయుల కార్యాలయానికే వెళ్లాలి. ఇల్లు మారితే రెండు వారాల్లోగా కొత్త చిరునామాకు ఆన్‌మెల్డుంగ్, అంటే చిరునామా నమోదు, చేయించుకోవాలని నియమం. దానికి ఇంటి యజమాని సంతకం చేసిన ధ్రువపత్రం కావాలి. స్నేహితుల గదిలో సర్దుకుంటూ పాత చిరునామానే కొనసాగించేవారికి కార్యాలయం పంపే ఉత్తరాలు అందవు. ఆ ఉత్తరాల్లో ఇచ్చే గడువులు మాత్రం ఎవరి కోసమూ ఆగవు.

పత్రాల్లో తేలికైనవి పాస్‌పోర్టు, యూనివర్సిటీ నమోదు పత్రం, ఆరోగ్య బీమా ధ్రువపత్రం, అద్దె ఒప్పందం. ఫొటో విషయంలో 2025 మే నుంచి కాగితం ఫొటోలకు బదులు డిజిటల్ ఫొటో విధానం వచ్చింది. చిక్కంతా డబ్బు దగ్గర, చదువు పురోగతి దగ్గర వస్తుంది. నెలకు 992 యూరోల చొప్పున ఏడాదికి 11,904 యూరోలు ఉన్నట్లు చూపాలన్నది 2024 సెప్టెంబరు నుంచి ఉన్న లెక్క. ఈ మొత్తం తరచూ మారుతుంది కాబట్టి దరఖాస్తు చేసే నాటి అంకెను మళ్లీ సరిచూసుకోవాలి. బ్లాక్డ్ అకౌంట్ (నెలకు నిర్ణీత మొత్తమే తీసుకోగల బ్యాంకు ఖాతా) మళ్లీ నింపవచ్చు, స్కాలర్‌షిప్ పత్రమైనా, పార్ట్‌టైమ్ జీతం స్లిప్పులైనా చూపవచ్చు. ఇంటి దగ్గర నాన్నగారి పేరున ఉన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ కాగితాన్ని మాత్రం నమ్ముకోకండి. జీతం చూపేటప్పుడు 2024 మార్చి నుంచి అమలులో ఉన్న పరిమితిని, అంటే ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజుల పనిని, మీరు దాటలేదని ఆ స్లిప్పులే చెప్పేలా ఉండాలి.

చదువు విషయంలో అధికారి చూసేది మార్కులు కాదు, సహేతుకమైన కాలంలో కోర్సు పూర్తవుతుందా అన్నదే. క్రెడిట్లు బాగా వెనుకబడి ఉంటే, వాటికి కారణాన్ని, ముగించే అంచనా తేదీని తెలిపే లేఖను ప్రొఫెసర్ నుంచో డిపార్ట్‌మెంట్ నుంచో ముందే తీసుకుని దరఖాస్తుకు జతచేయండి. అడిగాక ఇచ్చే సంజాయిషీ కన్నా అడగకముందు ఇచ్చిన లేఖకే విలువ ఎక్కువ.

పాస్‌పోర్టు గడువును కూడా ఇప్పుడే చూసుకోవాలి, ఎందుకంటే పర్మిట్‌ను పాస్‌పోర్టు చెల్లుబాటును దాటి ఇవ్వరు. కొత్త పాస్‌పోర్టును బెర్లిన్‌లోని మన రాయబార కార్యాలయం లేదా మ్యూనిక్, ఫ్రాంక్‌ఫర్ట్, హాంబర్గ్ కాన్సులేట్ల పరిధిలో చేయించుకోవచ్చు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉండడం మనవాళ్లకు మామూలే. జర్మనీలో ఇచ్చే ప్రతి పత్రంలోనూ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్లే రాయించుకోండి.

నిర్ణయం ఆలస్యమైతే ఫిక్సియోన్స్‌బెషైనిగుంగ్ అనే తాత్కాలిక ధ్రువపత్రాన్ని అడిగి తీసుకోవాలి. అందులో మూడు గడులుంటాయి. 81వ సెక్షన్ నాలుగో ఉపవిభాగాన్ని సూచించే గడిలో టిక్కు ఉంటే, పాత కార్డును, పాస్‌పోర్టును వెంట ఉంచుకుని ఇండియా వెళ్లి తిరిగి రావచ్చు. మూడో ఉపవిభాగం గడిలో టిక్కు ఉంటే ఆ పత్రంతో మళ్లీ జర్మనీలోకి ప్రవేశించడానికి వీలుండదు, కాబట్టి టికెట్ కొనేముందే ఆ గడి చూసుకోండి. పూర్తి పత్రాలిచ్చి మూడు నెలలు దాటినా సరైన కారణం లేకుండా జవాబు రాకపోతే పరిపాలనా కోర్టులో దావా వేసే హక్కు ఉంది. అంతదాకా వెళ్లేముందు, దరఖాస్తు తేదీని పేర్కొంటూ, గడువు విధిస్తూ మర్యాదగా ఒక లేఖ రాయడం మేలు.

డిగ్రీ చేతికొచ్చాక విద్యార్థి పర్మిట్‌ను పొడిగించమని కోరకూడదు. ఉద్యోగ అన్వేషణ కోసం 18 నెలల వరకు ఇచ్చే వేరే అనుమతి ఉంది, అప్పటికే ఆఫర్ ఉంటే జీతాన్ని బట్టి నేరుగా బ్లూ కార్డుకు (అర్హత గల ఉద్యోగులకు ఇచ్చే నివాస అనుమతికి) వెళ్లవచ్చు.

పొడిగింపుకు రుసుము సాధారణంగా 93 యూరోలు. కార్డు బెర్లిన్‌లో ముద్రణ అయి రావడానికి కొన్ని వారాలు పడుతుంది. తీసుకునేటప్పుడు కౌంటర్ దగ్గరే నిలబడి కార్డు మీది పేరు, తేదీలు, అలాగే పని షరతులు రాసి ఉండే అదనపు ఆకుపచ్చ కాగితం చదవండి. తప్పు ఉంటే బయటకు రాకముందే చెప్పండి.