అమెరికా–చైనా వాణిజ్య చర్చల వార్తను ఎలా చదవాలి?

‘చర్చల్లో గణనీయమైన పురోగతి’ అన్న హెడ్‌లైన్ 2018లో ఈ రెండు దేశాల సుంకాల పోరు మొదలైనప్పటి నుంచి ఎన్నిసార్లు చూశామో! అసలు ఏం మారిందో తెలియాలంటే కాస్త ఓపికగా, ఈ వరసలో చూడండి.

మొదట రెండు పక్షాల ప్రకటనలూ వెతికి పక్కపక్కన పెట్టుకోండి. వైట్‌హౌస్ సాధారణంగా ఫ్యాక్ట్ షీట్ (ముఖ్యాంశాల పత్రం) ఇస్తుంది. అటు చైనా వాణిజ్య శాఖో, షిన్హువా వార్తాసంస్థో తమ కథనం ఇస్తాయి. ఒకరు గొప్పగా చెప్పుకున్న అంశాన్ని రెండోవారు అసలు ఎత్తకపోతే, అది ఇంకా తేలలేదనే అనుకోండి. 2025 ఏప్రిల్‌లో ఇంకా విచిత్రం. చర్చలు నడుస్తున్నాయని ట్రంప్, ఏ చర్చలూ లేవని బీజింగ్! ఉమ్మడి ప్రకటన వస్తే మాత్రం దానికే ఎక్కువ విలువ ఇవ్వండి. అందులోని ప్రతి మాటా ఇద్దరూ ఒప్పుకున్నదే.

తర్వాత అంకెలు విడదీయండి. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. 2025 మే 12న, జెనీవా చర్చల తర్వాత వచ్చిన ఉమ్మడి ప్రకటనతో చైనా సరుకులపై అమెరికా సుంకం 145 నుంచి 30 శాతానికి దిగిందని అందరూ రాశారు. లోపల చూస్తే లెక్క వేరు. ఏప్రిల్‌లో పెరుగుతూ పోయి 125కి చేరిన సుంకంలో 91 తీసేశారు. 24 శాతాన్ని 90 రోజులు పక్కన పెట్టారు, అంతే, రద్దు చేయలేదు. మిగిలిన 10కి, ఫెంటనిల్ అనే మత్తుమందు పేరుతో అంతకుముందే వేసిన 20 కలిపితే 30. 2018 నుంచి వసూలవుతున్న పాత సుంకాలు ఇందులో లేవు, అవి దీనిపై అదనం. అంటే అప్పట్లో చాలా సరుకులకు అసలు భారం 30 కన్నా ఎక్కువే.

సుంకాల్లో లేని బేరం ఏమిటో కూడా చూడాలి. చైనా చేతిలో అరుదైన ఖనిజాలు, అమెరికా చేతిలో చిప్‌ల టెక్నాలజీ. ఎవరిది వాళ్లు రెండోవారికి అందకుండా బిగిస్తారు. జెనీవాలో ఒప్పుకున్నదాన్ని ఎలా అమలు చేయాలో ఒప్పుకోవడానికి నెల తిరక్కుండానే లండన్‌లో మళ్లీ కూర్చున్నది ఈ గొడవతోనే.

‘కొంటాం’ అన్న హామీ కనిపిస్తే ఎంత, ఎప్పటిలోగా అన్నది రాసి పెట్టుకోండి. 2020 జనవరి 15న సంతకమైన తొలి దశ ఒప్పందంలో, 2017 స్థాయికి మించి రెండేళ్లలో మరో 20 వేల కోట్ల డాలర్ల కొనుగోళ్లు చేస్తామని చైనా మాటిచ్చింది. ఆ లక్ష్యం దరిదాపులకు కూడా చేరలేదు. 2025 అక్టోబర్ 30న దక్షిణ కొరియాలోని బుసాన్‌లో ట్రంప్, షీ జిన్‌పింగ్ కలిశాక వచ్చిన సోయాబీన్ అంకె ఏడాదికి రెండున్నర కోట్ల టన్నులు, 2026 నుంచి 2028 వరకు. ఇది వైట్‌హౌస్ చెప్పిన లెక్క. చైనా కస్టమ్స్ నెలనెలా ఇచ్చే దిగుమతి గణాంకాలతో పోల్చుకోవచ్చు.

చివరగా, అధికారిక ఉత్తర్వు వచ్చిందా లేదా చూడండి. అమెరికాలో అయితే ఫెడరల్ రిజిస్టర్‌లో (అక్కడి ప్రభుత్వ గెజిట్) అచ్చవుతుంది. అది రాకముందు పోస్టులూ, ప్రెస్‌మీట్లూ నమ్ముకుంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. ఉత్తర్వులో గడువు తేదీ ఉంటే, దాన్ని ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి. బుసాన్ తర్వాత పొడిగించిన సుంకాల విరామానికి అమెరికా అప్పట్లో పెట్టిన గడువు 2026 నవంబర్ 10.