అంబాసిడర్‌లో ఇంజన్ మార్పిడి – పాఠం 3: ఏ ఇంజన్ తేవాలి?

గత పాఠంలో బానెట్ కింది ఖాళీని కొలిచి రాసుకున్న కాగితం ఈ పాఠం పూర్తయ్యేదాకా పక్కనే ఉండాలి. ఫైర్‌వాల్ (ఇంజన్‌కూ మనం కూర్చునే చోటుకూ మధ్య ఉన్న రేకు గోడ) నుంచి రేడియేటర్ దాకా పొడవు, రెండు సైడ్ మెంబర్ల (ఇరుపక్కలా పొడవునా ఉండే దూలాల) మధ్య వెడల్పు, క్రాస్ మెంబర్ (వాటిని కలిపే అడ్డ దూలం) నుంచి బానెట్ దాకా ఎత్తు, ఈ మూడు అంకెలూ లేకుండా పాత ఇంజన్ల షాపుకు వెళ్తే అక్కడివాళ్లు చూపించిందల్లా మన బండిలో పడుతుందనే అనిపిస్తుంది.

ఇంజన్ కొనడానికి బయల్దేరినవాళ్లు ముందు అడిగేది హార్స్ పవర్. అడగాల్సినవాటిలో అది చివరిది. మొదటిది కాగితాల సంగతి. రెండోది వెనక యాక్సిల్‌లోని గేర్ల జత, అంటే క్రౌన్ పినియన్ నిష్పత్తి. మూడోది ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి, అంటే ఆయిల్ చాంబర్ ఆకారం, అది క్రాస్ మెంబర్‌కు తగలకూడదు. ఈ మూడింటిలో నెగ్గిన ఇంజన్ ఎన్ని గుర్రాలదైనా ఫరవాలేదు.

ముందు కాగితాలు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు తేడాగా ఉండేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. అనుమతి లేని మార్పుకు 182ఎ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. కాబట్టి ఇంజన్ కొనేముందే ఆర్టీఓ ఆఫీసుకు వెళ్లి, ఏ మార్పుకు రాతపూర్వకంగా అనుమతి ఇస్తారో తేల్చుకోండి. పెట్రోలు బండిలో డీజిల్ పెడితే ఇంధనం గడి కూడా మారుతుంది, చిక్కు రెట్టింపవుతుంది. ఇంకో సంగతి: మీ బండికి 50 ఏళ్లు దాటితే 2021 నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు అవకాశం ఉంది. దానికి ఛాసిస్, బాడీ, ఇంజన్ అసలు రూపంలో ఉండాలి. అలాంటి బండిలో ఇంజన్ మార్చడం చేజేతులా విలువ పోగొట్టుకోవడమే. ఆ బండికి పాత 1489 సీసీ ఇంజన్‌నే రీబోర్ (అరిగిన సిలిండర్లను మళ్లీ తొలిపించడం) చేయించండి, ఈ పాఠాలు ఇంకో బండికి వాడుకోండి.

ఇప్పుడు క్రౌన్ పినియన్. బండిని చదునైన చోట ఆపి, ముందు చక్రాలకు దిమ్మెలు పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేక్ వదిలేయండి. వెనక ఒక్క చక్రాన్నే జాకీతో లేపి, యాక్సిల్ కింద స్టాండు పెట్టండి. లేపిన చక్రం మీదా, గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ మీదా సుద్దముక్కతో గీత గీయండి. చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పుతూ, షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో ఇంకొకరిని లెక్కపెట్టమనండి. రెండో చక్రం నేలమీద కదలకుండా ఉంటుంది గనుక, డిఫరెన్షియల్ వల్ల ఇటు రెండు చుట్లు తిరిగితే క్రౌన్ ఒక్క చుట్టే తిరుగుతుంది. షాఫ్ట్ నాలుగున్నర చుట్లకు కొంచెం ఎక్కువ తిరిగితే మీ నిష్పత్తి 4.55 దగ్గర ఉన్నట్టు. వెనక యాక్సిల్ హౌసింగ్‌ను ఎప్పుడో ఎవరో మార్చి ఉండవచ్చు, అందుకే పుస్తకంలో ఉన్న అంకెను నమ్మకండి.

తర్వాత టైరు చుట్టుకొలత. టైరు మీదా నేలమీదా గుర్తు పెట్టి, ఒక్క చుట్టు బండిని తోసి, నేలమీద కొలవండి. సుమారు 2 మీటర్లు వచ్చిందనుకుందాం. గంటకు 100 కిలోమీటర్లంటే నిమిషానికి 1667 మీటర్లు, చక్రం 833 చుట్లు. దాన్ని 4.55తో గుణిస్తే, ఇంజన్, షాఫ్ట్ సమానంగా తిరిగే నాలుగో (టాప్) గేరులో 3792 ఆర్‌పీఎం. అయిదో గేరు 0.85 ఉన్న గేర్‌బాక్స్ అయితే 3223. ఈ రెండు అంకెల మధ్య తేడాయే హైవే మీద మీ ప్రయాణం. 4,500 దాటని పాత డీజిల్ ఇంజన్‌ను నాలుగు గేర్ల పెట్టెతో ఈ హౌసింగ్‌కు కడితే, విజయవాడ చేరేలోపు చెవులు దిబ్బెడ వేస్తాయి. డీజిలే పెట్టాలనుకుంటే అయిదు గేర్లయినా ఉండాలి, లేదా క్రౌన్ పినియన్ అయినా మారాలి.

ఇక అభ్యర్థులు.

మా ఓటు 1817 సీసీ ఇసుజు పెట్రోలుకే. 1990ల మొదట్లో హిందుస్థాన్ మోటార్స్ ఈ ఇంజన్‌ను తనే అంబాసిడర్‌లో పెట్టి 1800 ఐఎస్‌జడ్ పేరుతో అమ్మింది. కార్బురేటర్‌తో 75 హార్స్ పవర్, నేలమీద గేరు రాడ్డుతో అయిదు గేర్లు. కంపెనీ తనే అమర్చింది కాబట్టి చాంబర్, ఫౌండేషన్లు (ఇంజన్‌ను మోసే రబ్బరు దిమ్మెలు), సైలెన్సర్ పైపు దారి అన్నింటికీ జవాబు అప్పటికే ఉంది. ఆర్టీఓ దగ్గర చెప్పుకోవడానికీ ఇదే మేలు, ఎందుకంటే ఇదే కంపెనీ ఇదే మోడల్‌కు ఇచ్చిన ఇంజన్. కాంటెస్సాలోనూ ఇదే 1817 సీసీ ఇంజన్ వచ్చింది. అయితే కాంటెస్సా నుంచి తీసినదైతే చాంబర్‌నూ ఫౌండేషన్ బ్రాకెట్లనూ ఐఎస్‌జడ్‌వాటి పక్కన పెట్టి పోల్చాకే డబ్బు ఇవ్వండి. స్టీరింగ్ కాలమ్ మీద గేరు రాడ్డు ఉన్న పాత బండిలో దీన్ని పెడితే ఫ్లోర్ కోయాలి, బెంచి సీటు కూడా కదల్చాల్సి రావచ్చు.

రెండో అభ్యర్థి మారుతి జిప్సీ 1298 సీసీ ఎంపీఎఫ్‌ఐ, అంటే కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే ఇంజన్. తేలికైన అల్యూమినియం ఇంజన్, 80 హార్స్ పవర్, బండి పొడవునా అమరుతుంది. జిప్సీలో ట్రాన్స్‌ఫర్ కేస్ (శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టె) గేర్‌బాక్స్‌కు అంటుకుని ఉండదు, మధ్యలో చిన్న షాఫ్ట్ ఉంటుంది. అంటే ట్రాన్స్‌ఫర్ కేస్ పక్కన పెట్టేసి గేర్‌బాక్స్ నుంచి నేరుగా మన ప్రొపెల్లర్ షాఫ్ట్ కట్టవచ్చు. చూడ్డానికి 80 అంకె ఆకర్షిస్తుంది గానీ, దీని టార్క్ సుమారు 103 న్యూటన్ మీటర్లు, అదీ 4,500 ఆర్‌పీఎం దగ్గర. జిప్సీలో ట్రాన్స్‌ఫర్ కేస్ హైలో ఉన్నప్పుడు కూడా దాదాపు 1.4 రెట్లు వేగం తగ్గించి, ఆ మేరకు టార్క్ పెంచుతుంది. ఆ సాయం మన బండిలో ఉండదు. అయిదుగురు కూర్చుని ఘాట్ ఎక్కేటప్పుడు మొదటి గేరు వదలబుద్ధి కాదు. పైగా వైరింగ్, ఈసీఎం (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్), సెన్సార్లు, ట్యాంకులో హైప్రెషర్ పంపు, ఇదంతా కొత్త పని.

మూడోది డీజిల్, అంటే ఇసుజు 2 లీటర్లు. ఇదీ అంబాసిడర్‌లో కంపెనీయే పెట్టింది, గనుక అమరికకు ఇబ్బంది లేదు. పాత టాక్సీల నుంచి దొరుకుతుంది, గనుక అరుగుదలకు కొదవ లేదు. ఇంతకన్నా పెద్ద డీజిల్‌కు, అంటే టయోటా క్వాలిస్ 2446 సీసీ లాంటివాటికి ఆశపడేముందు బరువు చూడండి. ముందు చక్రాల దగ్గర స్ప్రింగుల్లా పనిచేసే టార్షన్ బార్లు కుంగితే, స్ప్లైన్ (బారు చివరి పళ్లు) మార్చి బిగించి ఎత్తు పెంచవచ్చు గానీ, దానితో బారు గట్టితనం పెరగదు. ఎత్తు మాత్రం వస్తుంది, గుంతల్లో దబదబలు అలాగే ఉంటాయి. నాలుగు డ్రమ్ బ్రేకుల పాత బండిలో ఆ బరువు ఇంకో ప్రమాదం. మీ పాత ఇంజన్‌నూ కొనబోయేదాన్నీ పాతసామాను కాటా మీద తూచండి. తేడా 30 కిలోలు దాటితే ఆ ఇంజన్ వదిలేయడమే మా పద్ధతి.

పాత ఇంజన్ల కోసం విజయవాడ ఆటోనగర్‌లో మొదలుపెట్టండి. ఇసుజు అక్కడ దొరక్కపోతే చెన్నై పుదుప్పేట, కోల్‌కతా మల్లిక్ బజార్. విడి ఇంజన్ కన్నా, నడుస్తున్న బండిలో ఉన్న ఇంజన్‌కు కొంచెం ఎక్కువైనా ఇవ్వండి, స్టార్ట్ చేసి చూసుకోవచ్చు. వేడెక్కాక ఆయిల్ మూత తీసి అరచెయ్యి అడ్డం పెట్టండి. అరచేతిని తోస్తూ పొగ కొడితే బ్యాక్ కంప్రెషన్, అంటే రింగులు అయిపోయినట్టే. విడి ఇంజన్ అయినా బెల్ హౌసింగ్, సెల్ఫ్ అమర్చి ఉంటే బ్యాటరీ పెట్టి కంప్రెషన్ చూడవచ్చు. నాలుగు ప్లగ్గులూ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ఒక్కో సిలిండర్‌కు ఆరేడు దెబ్బలు తిప్పండి. పెట్రోలు ఇంజన్‌లో 150 పీఎస్‌ఐ అటూ ఇటూ వస్తే బాగుంది, 120 కిందకు పోతే బేరం మారాలి. అంకె ఎంతన్నదానికన్నా నాలుగూ 10 శాతంలోపు దగ్గరగా ఉండటం ముఖ్యం. తక్కువ వచ్చిన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ తిప్పండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. పక్కపక్కన రెండు సిలిండర్లు ఒకేలా పడిపోతే హెడ్ గ్యాస్కెట్. ఈ లెక్క డీజిల్‌కు పనికిరాదు, దానికి వేరే గేజి, వేరే అంకెలు.

ఇంజన్ నంబరు గుద్దిన చోట వేలితో తడమండి. గ్రైండర్ గీతలు తగిలినా, అక్షరాలు వంకరగా ఉన్నా అక్కడితో ఆపేయండి. బిల్లు మీద ఇంజన్ నంబరు, డోనర్ బండి (ఆ ఇంజన్ తీసిన బండి) రిజిస్ట్రేషన్ నంబరు రెండూ రాయించుకోండి.

కొనేటప్పుడు ఇంజన్ ఒక్కటే తెచ్చుకునేవాళ్లు తర్వాత ఒక్కో ముక్కకూ షాపు చుట్టూ తిరుగుతారు. గేర్‌బాక్స్, క్లచ్, ఫ్లైవీల్, సెల్ఫ్, ఆల్టర్నేటర్, ఫౌండేషన్ బ్రాకెట్లు, మానిఫోల్డులు, గేర్‌బాక్స్ వెనక యోక్ (షాఫ్ట్ తగిలించే ముక్క), స్పీడోమీటర్ కేబుల్ గేరు అన్నీ ఒకే బండివి, ఒకే బేరంలో రావాలి. ఎంపీఎఫ్‌ఐ అయితే ఈసీఎంతో పాటు వైరింగ్ కిట్టును కోయకుండా, ఇమ్మొబిలైజర్ ఉంటే దాని తాళంచెవితో సహా తీసుకోవాలి. వేరే కంపెనీ గేర్‌బాక్స్‌ను అడాప్టర్ ప్లేటుతో కడతామని లేత్ వాళ్లు అంటారు. ప్లేటు నడిమి పావు మిల్లీమీటర్ తప్పినా గేర్‌బాక్స్ ముందువైపు బేరింగు, క్లచ్ ప్లేటు స్ప్లైన్లు త్వరగా పోతాయి. ఒప్పుకోవద్దు.

అభ్యాసం: మీ బండి క్రౌన్ నిష్పత్తి, టైరు చుట్టుకొలత కొలిచి, 60, 80, 100 వేగాలకు టాప్ గేరు ఆర్‌పీఎం లెక్కకట్టండి. తర్వాత అట్ట మీద మీరు ఎంచుకున్న ఇంజన్ చాంబర్ అడ్డకోత గీసి, కత్తిరించి, క్రాస్ మెంబర్ మీద పెట్టి చూడండి. అట్టకూ ఇనుముకూ మధ్య 20 మిల్లీమీటర్లు మిగలాలి, ఎందుకంటే బ్రేకు కొట్టినప్పుడు రబ్బరు ఫౌండేషన్ల మీద ఇంజన్ ముందుకు ఊగుతుంది. నాలుగో పాఠంలో ఈ అట్టతోనే ఫౌండేషన్ బ్రాకెట్లు గీద్దాం.