గ్రీన్ కార్డు ఉండంగ పాస్‌పోర్టు మారితే – నా అనుభవం

మాది హన్మకొండ. అమెరికా గ్రీన్ కార్డు చేతిల ఉండంగనే, అంతకుముందు పెట్టుకున్న కెనడా పౌరసత్వం వచ్చింది. గ్రీన్ కార్డు మీద రాసుండేది పుట్టిన దేశమే, కాబట్టి దాన్ని మార్చే పని పడలేదు.

అసలు చిక్కు ఇండియా పాస్‌పోర్టుతో. ఇంకా ఆరేండ్ల గడువుంది గదా, అమ్మను చూసెతందుకు దాంతోనే పోదామనుకున్న. వరంగల్ కోర్టుల వకీలైన మా చిన్నాయన గట్టిగ ఆపిండు. 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం, మనంతట మనం వేరే పౌరసత్వం తీసుకుంటే మనది పోతది. ఆ పాస్‌పోర్టుతో ప్రయాణం చేసుడు నేరం. ముందు దాన్ని సరెండర్ చేసి సర్టిఫికెట్ తీసుకున్న, తర్వాత ఓసీఐకి, అంటే వేరే దేశ పౌరులైన మన మూలాలోళ్లకు ఇండియా ఇచ్చే కార్డుకు, పెట్టిన.

పరకాల దగ్గరి పొలం గురించి బాపు శాన భయపడ్డడు. ఓసీఐ వాళ్లు సాగుభూమి కొనరాదు గానీ, వారసత్వంగ వచ్చింది ఉంచుకోవచ్చు. ఆ మాట విన్న రాత్రి బాపు కడుపునిండ తిన్నడు.