నాణేల ఆన్‌లైన్ వేలంలో దొంగ పాటదారులను అడ్డుకోవడం ఎలా

పాత నాణేలు, నోట్లు, తపాలా బిళ్ళలు ఆన్‌లైన్‌లో వేలం వేసేవారికి తక్కువ ధర పలకడం కంటే, పెద్ద మొత్తం పాడి ఆ తరువాత జవాబివ్వని పాటదారు వల్లనే ఎక్కువ నష్టం కలుగుతుంది. అటువంటివారిని గుర్తుపట్టి తరిమివేయడం మీదనే చాలామంది విక్రేతలు దృష్టి పెడతారు. ఆ శ్రమలో ఎక్కువ భాగం వేలం మొదలుకాకముందు, నిబంధనలు రాసేటప్పుడే పడటం మేలని నా అభిప్రాయం.

మన ఊళ్ళలో సంత వేలానికైనా, చేపల చెరువు వేలానికైనా ధరావతు కట్టనిదే ఎవరినీ పాటలోకి రానివ్వరు, సర్కారు పాట, అంటే కనీస ధర, ఎంత అన్నది ముందే చెబుతారు. ఫేస్‌బుక్, వాట్సాప్ గ్రూపుల్లో జరిగే వేలాల్లో ఈ రెండూ సాధారణంగా కనిపించవు. గ్రూపులో వేలం పెట్టేవారు కనీస ధర, ఒక్కో పాటకు పెంచవలసిన మొత్తం, ముగింపు సమయం, చివరి నిమిషాల్లో పాట పడితే గడువు ఎంత పొడిగించేదీ, డబ్బు చెల్లించడానికి ఎన్ని గంటల వ్యవధి ఉండేదీ, స్పీడ్ పోస్టు ఖర్చు ఎవరు భరించేదీ మొదటి సందేశంలోనే రాయాలి. కొత్తగా చేరిన సభ్యులు పెద్ద వస్తువుల మీద పాడదలిస్తే చిన్న మొత్తం ధరావతుగా జమ చేయాలనీ, గెలవకపోతే అది అదే రోజు తిరిగి వస్తుందనీ చెప్పడంలో మొహమాటపడవలసింది లేదు. నిజంగా కొనేవారు దీనికి అభ్యంతరం చెప్పడం అరుదు.

చట్టం విషయంలో ఒక అపోహ ఉంది. పాట పాడితే ఇక కట్టుబడి తీరవలసిందేనని చాలామంది అనుకుంటారు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 64వ సెక్షన్ ప్రకారం వేలందారు పాట ముగిసిందని ప్రకటించే వరకు పాటదారు తన పాటను వెనక్కి తీసుకోవచ్చు. కాబట్టి ఉపసంహరణకు సంబంధించిన షరతు గ్రూపు నియమాల్లో స్పష్టంగా ఉండాలి. అదే సెక్షన్ విక్రేతకూ ఒక హద్దు గీసింది: తన తరఫున కూడా పాట పాడే హక్కును ముందుగా ప్రకటించి ఉంచుకోకుండా, తానే పాడినా, స్నేహితుడి చేత పాడించినా కొనుగోలుదారు ఆ అమ్మకాన్ని మోసంగా పరిగణించవచ్చు. ధర తక్కువ పలుకుతోందని బావమరిది చేత నాలుగు పాటలు వేయించే విక్రేత కూడా దొంగ పాటదారుల లెక్కలోకే వస్తాడు. అందుకు బదులు కనీస ధరను నిజాయితీగా పెంచి పెట్టుకోవచ్చు.

ఈబే వంటి వేదికల్లో పని కొంత సులువు. భారతదేశంలోని ఈబే వెబ్‌సైటు 2018లో మూతపడినందువల్ల ఇక్కడి విక్రేతలు ఆ వేదికను ప్రధానంగా విదేశీ అమ్మకాలకే వాడుతున్నారు. దీనితో ముడిపడిన చట్టం ఒకటుంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన నాణెం పురావస్తువు, దానిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలపు చార్మినార్ రూపాయి మీద హిజ్రీ 1337 అని ఉంటే అది 1918-19 నాటిది, విదేశానికి పంపడానికి వీల్లేదు. హిజ్రీ 1361 నాటిదైతే 1942కు చెందుతుంది కనుక ఈ నిషేధం కిందికి రాదు. పంపలేని వస్తువు మీద విదేశీయులు పాడే అవకాశమే ఇవ్వకుండా, దానిని దేశంలోని వేలం సంస్థలకో గ్రూపులకో పరిమితం చేయాలి.

ఈబేలో జాబితా పెట్టే ముందు కొనుగోలుదారుల అర్హతల సెట్టింగులు తెరిచి, గతంలో డబ్బు చెల్లించక అమ్మకాలు రద్దైన ఖాతాలనూ, మీరు పంపని దేశాల ఖాతాలనూ నిరోధించండి. ఒకసారి మోసగించిన ఖాతాను నిరోధిత జాబితాలో చేర్చండి. పాటదారు ఫీడ్‌బ్యాక్, అంటే గతంలో అతనితో లావాదేవీలు జరిపినవారు ఇచ్చిన మంచి అభిప్రాయాల శాతం, నూటికి నూరు ఉందని మాత్రం నమ్మవద్దు. 2008 నుంచి విక్రేతలు కొనుగోలుదారులకు ప్రతికూల ఫీడ్‌బ్యాక్ ఇచ్చే వీలు లేదు కనుక ఆ శాతానికి విలువ లేదు. ఖాతా ఎంత పాతది, ఇంతకుముందు ఏయే వస్తువులు కొన్నారు, ఇతరులకు తాము ఎలాంటి ఫీడ్‌బ్యాక్ రాశారు అనేవే పనికొచ్చే ఆధారాలు.

వేలం నడుస్తుండగా అనుమానించవలసిన పద్ధతి ఒకటి ప్రత్యేకంగా ఉంది. ఒక ఖాతా తక్కువ మొత్తం పాడుతుంది, వెంటనే మరో ఖాతా ఎవరూ అందుకోలేనంత పెద్ద మొత్తం పాడుతుంది, దానితో మిగిలినవారు తప్పుకుంటారు, చివరికి పెద్ద పాట ఉపసంహరించబడి వస్తువు మొదటి ఖాతాకు చవకగా దక్కుతుంది. ఈ రెండు ఖాతాలూ సాధారణంగా ఒకరివే. దీనిని కట్టడి చేయడానికే ఈబే చివరి 12 గంటల్లో వేసిన పాటను వేసిన గంటలోపే వెనక్కి తీసుకోవాలని నియమం పెట్టింది. అందుకే ముగింపుకు ఒకరోజు ముందు పాటల చరిత్రను తప్పక చూడాలి, అనుమానం బలంగా ఉంటే ఆ పాటను అప్పుడే రద్దు చేయాలి.

నిజమైన సేకర్తను అతని ప్రశ్నలే పట్టిస్తాయి. 1939 నాటి ఆరవ జార్జి రూపాయి అరుదైనది, నకిలీలు విస్తారంగా ఉన్నది. దానిని కొనదలచినవారు బరువు 11.66 గ్రాములు తూగుతుందా అని అడుగుతారు, అంచు ఫొటో అడుగుతారు. ఏమీ అడగకుండా భారీ మొత్తం పాడి, వెంటనే ఫోన్ నంబరు ఇవ్వమనే వ్యక్తికి నాణెం మీద ఆసక్తి లేదు. వైష్ణోదేవి బొమ్మ ఉన్న అయిదు, పది రూపాయల నాణేలకు లక్షలు ఇస్తామనేవారిదీ ఇదే తీరు. వారు క్రమంగా ‘రిజర్వు బ్యాంకు అనుమతి రుసుము’, ‘పన్ను’ అంటూ మీ చేతే డబ్బు కట్టించుకుంటారు. తన పేరుతో ఇలా కమిషన్లు, పన్నులు అడుగుతున్నారని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ అవసరం లేదు. పంపినట్టు చూపే స్క్రీన్‌షాట్‌ను పట్టించుకోకుండా మీ బ్యాంకు ఖాతాలో జమ అయిన తరువాతే వస్తువు పంపండి. డబ్బు పోగొట్టుకుంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల సహాయ నంబరు 1930కు ఫోన్ చేయాలి, లేదా జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి.

వేలం ముగిశాక హెచ్చుపాటదారు చెల్లించకపోతే, ఈబేలో నాలుగు రోజులు ఆగి, కొనుగోలుదారు చెల్లించలేదు అనే కారణాన్నే ఎంచుకొని రద్దు చేయాలి. కొనుగోలుదారు కోరికపై రద్దు అని దయతలిస్తే అతని ఖాతాపై మచ్చ పడదు, మరో విక్రేత బలవుతాడు. సరైన కారణంతో రద్దు చేస్తే మీరు చెల్లించిన అమ్మకపు రుసుము కూడా తిరిగి జమ అవుతుంది.

తరువాతి పాటదారుకు వస్తువు ఇవ్వజూపేటప్పుడు ధర దగ్గర కొంచెం ఆలోచించాలి. ఒక ఉదాహరణ తీసుకుందాం. వంద రూపాయల చొప్పున పెరిగే వేలంలో ఒకరు గరిష్ఠంగా 3,000, మరొకరు 2,100, దొంగ పాటదారు 9,000 పెట్టుకున్నారనుకుంటే, వస్తువు 3,100కు దొంగ పాటదారు పేరుతో ముగుస్తుంది. అతడు లేకపోతే మొదటివారికి 2,200కే దక్కేది. అందువల్ల వారిని 3,000 అడగడం దొంగ పాట తెచ్చిన లాభాన్ని జేబులో వేసుకోవడమే అవుతుంది. గ్రూపు వేలంలో 2,200కే ఇవ్వజూపాలి. ఈబేలో రెండవ అవకాశపు ప్రతిపాదన పాటదారు పాడిన మొత్తానికే వెళుతుంది కనుక, ధర మరీ ఎగదోయబడిందని తెలిసిన చోట దానిని పంపకుండా వస్తువును మళ్ళీ వేలానికి పెట్టడం న్యాయం. పంపదలిస్తే వేదిక ద్వారానే పంపాలి. ఓడిపోయిన పాటదారులకు విక్రేత పేరుతో నకిలీ ఈమెయిళ్ళు పంపే మోసగాళ్ళు ఉన్నందున, బయటి నుంచి వచ్చే ప్రతిపాదనను జాగ్రత్తపరులు తెరవకుండానే తీసివేస్తారు.

మళ్ళీ వేలానికి పెట్టేటప్పుడు పాత ఫొటోలే వాడినా, గెలిచినవారు చెల్లించనందువల్ల తిరిగి పెడుతున్నామని వివరణలో ఒక వాక్యం చేర్చండి. అది లేకపోతే, మొదటి వేలంలో పాడినవారు నాణెంలో ఏదో లోపం బయటపడి తిరిగి వచ్చిందేమోనని అనుమానించి రెండవసారి పాడటానికి వెనకాడతారు.