ఒకరి ఆదితో మన ఒంటిని కొలవడం మానేయడం ఎలా?

ఇరవై రెండేళ్ళుగా పాలకొల్లులో జాకెట్లు కుడుతున్నాను. కొలతకి నమూనాగా తెచ్చే జాకెట్టుని మేం ఆది అంటాం. నడుముకి టేపు చుట్టగానే దాదాపు అందరూ ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాగేస్తారు. ఆ కొలతకి కుడితే భోజనానికి కూర్చోగానే హుక్కు ఊడుతుంది. ఊడినందుకు మళ్ళీ ఒంటినే తిట్టుకుంటారు. ఇది చూసి చూసి విసుగొచ్చి, వచ్చిన వాళ్ళందరికీ నేను చెప్పే పద్ధతి ఇక్కడ రాస్తున్నాను.

కావలసినవి: ఒక నోటుబుక్కు, ఒక మధ్యాహ్నం తీరిక. బరువు మిషను మాత్రం వద్దు. ఆవకాయ నాలుగు ముద్దలు ఎక్కువ తింటే మర్నాటికి ఒంట్లో నీరు నిలిచి అంకె పెరుగుతుంది. దానికి రోజంతా టెన్షన్ దేనికి?

ముందు బీరువా తెరవండి. బిగుతైన జాకెట్లలో లోపల కుట్లు ఉన్నవి విప్పించుకోండి, లేనివి ఎవరికైనా ఇచ్చేయండి. "తగ్గాక వేసుకుంటాను" అని ఒక్కటి కూడా దాచకండి. పెళ్ళినాటి జాకెట్టు ఆదికి తెస్తే నేను తీసుకోను, కొత్తగా కొలతలు రాసుకుంటాను. ఇద్దరు పిల్లల్ని కన్న ఒంటికి ఇరవై ఏళ్ళ నాటి మన ఒళ్ళు కూడా పరాయి ఆదే.

తర్వాత ఫోను. ఎవరి ఫొటోలు చూశాక మన మీద మనకి చిరాకు వస్తుందో వాళ్ళవి కనబడకుండా పెట్టేయండి. చుట్టాలైనా సరే. పది నిమిషాల పని.

ఇక అందరూ పాడుచేసేది ఇక్కడే. పెళ్ళి పందిట్లోనో, సంక్రాంతికి ఇల్లు నిండా చుట్టాలున్నప్పుడో కన్ను దానంతటదే పక్కావిడ నడుం మీదకి పోతుంది. పోకుండా ఆపుదామని చూడకండి, ఎవరి వల్లా కాదు. తనని తాను అంచనా వేసుకోవడానికి సరైన కొలత దొరకనప్పుడు మనిషి పక్కవాళ్ళతో పోల్చుకుంటాడని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త లియోన్ ఫెస్టింగర్ 1954లోనే చెప్పారు. అందానికి టేపు లేదు కదా మరి. ఎత్తుకి తగ్గ బరువు ఉందో లేదో చూసే బీఎంఐ ఉందిగా అంటారు కొందరు. అది 1830ల్లో అడాల్ఫ్ కెట్లే అనే బెల్జియం గణాంక శాస్త్రవేత్త జనం సగటు తెలుసుకోవడానికి వేసిన లెక్క. ఇతర పరీక్షలతో కలిపి చూసుకోవడానికి డాక్టరుకి పనికొస్తుంది. మన విలువ కొలుచుకోవడానికి పనికిరాదు.

కన్ను పోయాక ఏం చేస్తున్నామన్నదే ముఖ్యం. చాలామంది వెంటనే ఆవిడలో వంక వెతుకుతారు. "సన్నమే కానీ మొహంలో కళ లేదు" అనుకుంటే అప్పటికి హాయిగానే ఉంటుంది. కానీ ఆ కత్తి రాత్రికి మన అద్దం ముందుకే వస్తుంది. అసలు ఈ అలవాటు మానకపోతే మిగతాదంతా దండగ. ఇంకొందరు అద్దంలో చూసుకుంటూ "నేను అందంగా ఉన్నాను" అని వందసార్లు అనుకోమంటారు. మనసు నమ్మని మాట ఎన్నిసార్లు అన్నా లోపలికి దిగదు. పైగా ఆలోచన అంతా మళ్ళీ అందం చుట్టూనే తిరుగుతుంది.

నేను చెప్పేది వేరు. "పోల్చుకుంటున్నాను" అని మనసులో ఒక్కసారి అనుకోండి. బిగబట్టిన పొట్ట వదిలేయండి, ఊపిరి పూర్తిగా తీసుకోండి. ఆ వెంటనే ఒంటికి ఒక పని చెప్పండి: వడ్డన అందుకోండి, చంటిపిల్లని ఎత్తుకోండి, లేదా ఎవరి నడుం చూశారో ఆవిడ దగ్గరకే వెళ్ళి పలకరించండి. మాట్లాడుతుంటే నడుం పోయి మనిషి కనిపిస్తుంది. మొదట్లో పదిసార్లకి రెండుసార్లే గుర్తొస్తుంది, అయినా వదలకండి.

"ఏంటే, ఒళ్ళు చేశావ్?" అని ఎవరైనా అంటే సంజాయిషీ ఇవ్వద్దు. "అవును పిన్నీ, నీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది?" అనండి. మాట అక్కడితో మళ్ళుతుంది.

నోటుబుక్కు రాత్రికి. ఇవాళ ఈ ఒళ్ళు ఏం చేసిపెట్టిందో ఒక్క వాక్యం రాయండి. సార్వా నాట్లకి వెళ్ళొచ్చిన ఒకావిడ "పొద్దుటినుంచి బురదలో వంగున్నా మోకాళ్ళు నిలబడ్డాయి" అని కూతురితో రాయించుకుంది. నర్సాపురం వైపు లేసు అల్లే వాళ్ళకి మెడ, భుజం ముందుకు వంగుతాయి. వాళ్ళ జాకెట్టుకి భుజం వేరుగా కత్తిరిస్తాను. పనిని బట్టి కూడా ఒంటికి తీరు వస్తుంది, అది లోపం అనిపించలేదు నాకెప్పుడూ.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. తిండి మానేయడం, తిన్నది కక్కేయడం, నెలసరి ఆగిపోవడం దాకా వస్తే ఈ పద్ధతి చాలదు. ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించండి.

మొన్న శ్రావణంలో రాజోలు నుంచి కాలేజీ పిల్ల ఒకతి వచ్చింది. టేపు పెట్టగానే కళ్ళు మూసుకుని బిగుసుకుపోయింది. "ఊపిరి వదులు తల్లీ, నేను అంకె పైకి చదవనులే" అన్నాను. భుజాలు కిందికి దిగాయి. రెండోసారి కొలిస్తే అంగుళంన్నర ఎక్కువొచ్చింది. ఆ కొలతకే కుట్టి, లోపల రెండు కుట్లు వదిలాను.