లీష్మేనియా పుండు బయాప్సీని చదివే పద్ధతి

మానని పుండు నుంచి తీసిన చర్మపు ముక్క పరీక్షకు వచ్చినప్పుడు, స్లైడును మైక్రోస్కోపు కింద పెట్టే ముందే దానితో వచ్చిన కాగితంలో రెండు సంగతులు వెతకాలి. ఒకటి పుండు ఎంత కాలం నాటిదన్నది, రెండోది రోగి ఎక్కడెక్కడ ఉండి వచ్చాడన్నది. రాజస్థాన్‌లోని బికనేర్, హిమాచల్ ప్రదేశ్‌లోని సట్లెజ్ లోయ ఇసుక ఈగ కాటుతో చేరే లీష్మేనియా అనే పరాన్నజీవి తెచ్చే జబ్బైన చర్మపు లీష్మేనియాసిస్‌కు పేరుపడ్డ ప్రాంతాలు. తెలంగాణ నుంచి ఎందరో పనికి వెళ్లే సౌదీ అరేబియాలో అల్ అహ్సా అటువంటిదే. ఇసుక ఈగ కుట్టిన వారాలకో నెలలకో గాని పుండు తేలదు కనుక, మనిషి స్వగ్రామం చేరాకే అది బయటపడవచ్చు. ఈ రెండు సంగతులూ రాసి లేకపోతే పంపిన వైద్యుడికి ఫోన్ చేసి అడగడం మేలు.

ముక్కను పుండు మధ్యలోని పక్కు నుంచి కాక, గట్టిపడి ఉబ్బిన అంచు నుంచి తీయాలి. మధ్యలో చచ్చిన కణజాలం, చీము, పైనుంచి చేరిన బాక్టీరియా తప్ప పనికొచ్చేది తక్కువ. ముక్కను ఫార్మలిన్‌లో వేసే ముందు కోసిన ముఖాన్ని గాజు పలకకు రెండు మూడు చోట్ల సున్నితంగా అద్ది, ఆరనిచ్చి, మిథనాల్‌తో స్థిరపరచి గీమ్సా రంగు వేయించాలి. చాలాసార్లు పరాన్నజీవి కోతల్లో (ముక్కను పలచగా కోసి స్లైడు మీద పెట్టిన పొరల్లో) కంటే ఈ అద్దుడు స్లైడులోనే స్పష్టంగా దొరుకుతుంది, కనుక ఈ చిన్న పనిని ఎన్నడూ వదిలిపెట్టరాదు.

తక్కువ పవర్‌లో ముందుగా బాహ్యచర్మాన్ని చూడాలి. అది ఒకచోట పలచబడి, మరోచోట మందమై, పుండు అంచున వేళ్లు లోపలికి దిగినట్లు పెరిగి ఉండవచ్చు. ఈ పెరుగుదల ఒక్కోసారి స్క్వామస్ కణ క్యాన్సర్ అనిపించేంత ఉంటుంది, కనుక దాని కింద ఏముందో చూడకుండా ఆ మాట రాయరాదు. కింద అంతశ్చర్మంలో మాక్రోఫేజులు (సూక్ష్మజీవులను మింగే రక్షక కణాలు), లింఫోసైట్లు, ప్లాస్మా కణాలు వంటి రోగనిరోధక కణాలు దట్టంగా కమ్ముకుని ఉంటాయి. ప్లాస్మా కణాలు సమృద్ధిగా కనిపిస్తే అనుమానం బలపడుతుంది.

తర్వాత ఆయిల్ ఇమ్మర్షన్‌కు వెళ్లి, బాహ్యచర్మానికి దగ్గరగా ఉన్న పై పొరలో మాక్రోఫేజులను ఒక్కొక్కటిగా వెతకాలి. మాక్రోఫేజు లోపల లీష్మేనియా ధరించే రూపమైన అమాస్టిగోట్ 2 నుంచి 4 మైక్రాన్ల గుండ్రని లేదా కోలగా ఉండే జీవి. గీమ్సాలో దాని లేత నీలి సైటోప్లాజంలో ఎర్రని కేంద్రకం, పక్కనే మరింత ముదురుగా పుల్లలాంటి కైనెటోప్లాస్ట్ (కేంద్రకం బయట ఉండే డీఎన్ఏ ముద్ద) కనిపిస్తాయి. కొన్ని కణాల్లో ఇవి బుడగ అంచు వెంబడి, పందిరి చుట్టూ కట్టిన సీరియల్ బల్బుల్లా, వరుసగా నిలుస్తాయి. కేంద్రకం, కైనెటోప్లాస్ట్ రెండూ ఒకే జీవిలో కనిపించాకే నిర్ధారణ రాయాలని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే ముక్కలైన కేంద్రకాల పొడి, మాస్ట్ కణాల రేణువులు తేలిగ్గా మోసగిస్తాయి. హిస్టోప్లాస్మా అనే శిలీంధ్రం కూడా దాదాపు ఇదే పరిమాణంలో మాక్రోఫేజులోనే ఉంటుంది. అయితే దాని చుట్టూ తెల్లని వలయం ఉంటుంది, మొగ్గ తొడుగుతుంది, సిల్వర్ రంగును పట్టుకుంటుంది, కైనెటోప్లాస్ట్ ఉండదు.

పుండు వయసు అవసరమయ్యేది ఇక్కడే. కొత్త పుండులో జీవులు కిక్కిరిసి ఉంటాయి, గ్రాన్యులోమాలు (రక్షక కణాలు గుంపుకట్టిన ముద్దలు) సరిగా ఏర్పడి ఉండవు. నెలలు గడిచి రోగనిరోధక శక్తి పుంజుకునే కొద్దీ ఎపిథెలాయిడ్ కణాలు, లాంగ్‌హాన్స్ జెయింట్ కణాలు గుంపుకట్టి, జీవులు తగ్గిపోతూ చివరికి కనిపించకుండా పోతాయి. కాబట్టి ఏడాది దాటిన పుండులో గ్రాన్యులోమాలు మాత్రమే ఉండి జీవి దొరకనంత మాత్రాన జబ్బు లేదనరాదు. అది చర్మక్షయను పోలి ఉంటుంది, ఆ దశలో పరాన్నజీవి డీఎన్ఏను పట్టే పీసీఆర్ పరీక్షే దిక్కు.

కుష్ఠుతో తికమకపడే సందర్భాన్ని విడిగా గుర్తుంచుకోవాలి. బిహార్, ఝార్ఖండ్‌ల నుంచి వచ్చిన, పూర్వం లీష్మేనియా లోపలి అవయవాలకు సోకి వచ్చే కాలా అజార్‌కు చికిత్స పొందిన వ్యక్తికి మొహం మీద తెల్లమచ్చలు, బుడిపెలు వస్తే, అది ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి 1922లో వర్ణించిన, కాలా అజార్ తర్వాత వచ్చే చర్మ రూపం కావచ్చు. ఇందులో బుడిపెల్లో జీవులు దొరుకుతాయి, మచ్చల్లో అరుదు, కనుక బుడిపె ఉంటే దాని నుంచే ముక్క తీయించాలి. ఫైట్ రంగు వేసి కుష్ఠు బాక్టీరియా కోసం వెతకాలి, నరాల చుట్టూ, లోపలా కణాలు చేరాయేమో చూడాలి.

రిపోర్టులో జీవుల సంఖ్య కొద్దిగానా, ఎక్కువగానా అన్నదీ, గ్రాన్యులోమా ఉన్నదీ లేనిదీ రాయాలి. జీవి దొరకకపోతే ఎన్ని కోతలు, ఏ రంగులతో చూశారో పేర్కొనాలి. కణజాలాన్ని చూసి లీష్మేనియా జాతిని చెప్పలేము, మందు ఎంపిక మాత్రం కొంతవరకు జాతిపైనే ఆధారపడుతుంది, కనుక ఫార్మలిన్‌లో వేయని ముక్కను పీసీఆర్‌కు పంపమని అదే కాగితంలో సూచించాలి.