వేటకు వెళ్లేముందు ఇంజను చల్లబడే దారి చూసుకోండి

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. ఈ 61 రోజుల్లో వలలు బాగవుతాయి, బోటుకు రంగులు పడతాయి, ఇంజను ఆయిలు మారుతుంది. ఇంజనును చల్లబరిచే ద్రవం, కూలెంటు, వంతు వచ్చేసరికి మాత్రం ట్యాంకులో నాలుగు చెంబుల బోరు నీళ్లు పోసి సరిపెట్టేవారే ఎక్కువ. జూన్ నడుమ సముద్రం ఉద్ధృతంగా ఉంటుంది. తీరానికి దూరంలో ఇంజను వేడెక్కి ఆగితే బోటు అలలకు అడ్డం తిరుగుతుంది. అందుకే ఈ పని నిషేధం ముగియడానికి వారం ముందే పూర్తిచేయాలి.

హీట్ ఎక్స్‌ఛేంజర్, అంటే కూలెంటు వేడిని ఉప్పునీటికి అందించే గొట్టాల పెట్టె, ఉన్న ఇంజనులో రెండు నీళ్లుంటాయి. కూలెంటు ఇంజను లోపలే తిరుగుతుంది. ఉప్పునీరు సముద్రం నుంచి వచ్చి, ఆ కూలెంటు వేడిని తీసుకుని బయటకు పోతుంది. ముందుగా దెబ్బతినేది సాధారణంగా ఉప్పునీటి దారే.

బోటు అడుగున ఉప్పునీరు లోపలికి వచ్చే వాల్వును తిప్పి చూడండి. నెలల తరబడి కదలకపోతే బిగుసుకుపోతుంది. జల్లెడలో నాచు, గుల్లలు, ప్లాస్టిక్ ముక్కలు తీసేయండి. తర్వాత ఉప్పునీటి పంపు మూత విప్పి లోపలి రబ్బరు రెక్కలు పరీక్షించండి. ఒక్క రెక్క చీలినా కొత్తది వేయాల్సిందే. రెక్క ఊడిపోయి కనబడితే ఆ ముక్క దొరికేదాకా వెతకండి, అది ముందుకు పోయి హీట్ ఎక్స్‌ఛేంజర్ గొట్టాల నోట అడ్డుపడుతుంది. వాల్వు మూసి ఇంజను స్టార్టు చేయకండి. నీరు లేకుండా తిరిగిన రబ్బరు కొద్దిసేపట్లోనే కాలిపోతుంది. గొట్టాలకు బదులు తాను అరిగేందుకు పెట్టే జింకు కడ్డీ సగానికి అరిగితే మార్చండి. అది అరగడం మానితే ఉప్పునీరు తినేది గొట్టాలనే.

ఇప్పుడు కూలెంటు. బోరు నీటిలోని ఉప్పులు లోపల పొరకడతాయి, ఆ పొర వేడిని బయటకు పోనివ్వదు. డిస్టిల్డ్ వాటరులో గాఢమైన కూలెంటును తయారీదారు చెప్పిన పాళ్లలో, సాధారణంగా సగానికి సగం, కలపండి. కలిపే అమ్ముతున్న డబ్బా అయితే నీళ్లు పోయనక్కరలేదు. రంగు ఒకటే కదా అని రెండు రకాలు కలపవద్దు, జిగురుగా గడ్డకట్టే ప్రమాదం ఉంది. చాలా ఇంజన్లలో రెండేళ్లకోసారి పాతది పూర్తిగా దింపాలి, తుప్పును ఆపే మందు అప్పటికి అరిగిపోతుంది.

ఇంజను వేడెక్కుతోందని థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంటు దారిని తెరిచి మూసేది) తీసి పక్కన పడేసే అలవాటు మంచిది కాదు. ఇంజను తగిన వేడికి రాక డీజిలు సరిగా కాలదు. గిన్నెలో నీళ్లు కాచి అందులో వేలాడదీసి చూడండి, దానిపై ముద్రించిన ఉష్ణోగ్రత దగ్గర తెరుచుకోవాలి.

ఇంజను వేడిగా ఉండగా కూలెంటు ట్యాంకు మూత తీయడం మాత్రం చాలా ప్రమాదం. ఆవిరి ముఖాన కొడుతుంది. పూర్తిగా చల్లారాకే, గుడ్డ కప్పి కొద్దికొద్దిగా తిప్పండి. పాత కూలెంటు విషం, తియ్యగా ఉండటంవల్ల కుక్కలూ పిల్లలూ నోట పెట్టుకుంటారు. మూత ఉన్న డబ్బాలో పట్టండి, రేవు నీళ్లలో వంపవద్దు.

అన్నీ బిగించాక, మోకుతో గట్టిగా కట్టిన బోటులో ఇంజనును కాసేపు గేరులో, లోడు మీద నడపండి. బయటకు ఉప్పునీరు ధారగా పడాలి, ఉష్ణోగ్రత ముల్లు ఒకచోట నిలవాలి. గొట్టాలు, క్లిప్పులు చేత్తో తడిమి చూసి, విడి రబ్బరు రెక్కల చక్రం ఒకటి, బెల్టు ఒకటి, రెండు డబ్బాల కూలెంటు బోటులో ఉంచండి.